చానల్ వచ్చింది, నిధులు నిలవలేదు: ఆస్ట్రేలియా పిల్లల టీవీ అనుభవం

క్లుప్తంగా: ఆస్ట్రేలియా ప్రజా ప్రసార సంస్థ ఏబీసీ 2009 డిసెంబరు 4న బడి ఈడు పిల్లల కోసం ఏబీసీ3 అనే చానల్ మొదలుపెట్టింది. అదే 2016లో ఏబీసీ మీగా, 2024లో ఏబీసీ ఫ్యామిలీగా మారింది. చానల్ పెట్టడానికి ప్రభుత్వం డబ్బిచ్చింది గానీ, ఆ డబ్బు ఎప్పటికీ పిల్లల పద్దులోనే ఉండాలన్న కట్టుబాటు పెట్టలేదు. పిల్లల కోసం ఏటా ఇన్ని గంటలు ప్రసారం చేయాలంటూ ప్రైవేటు చానళ్ల మీదున్న కోటా కూడా 2021లో తొలగిపోయింది. దాంతో ఒకప్పుడు అదనపు సదుపాయంగా వచ్చిన ప్రజా ప్రసారమే ఇప్పుడు దాదాపు ఏకైక ఆధారమైంది.

ఏ ఏబీసీ? ఏ చానల్?

ముందు పేర్ల గందరగోళం తీరాలి. ఇక్కడ ఏబీసీ అంటే ఆస్ట్రేలియన్ బ్రాడ్‌కాస్టింగ్ కార్పొరేషన్. అమెరికాలో ఇదే పేరుతో ఉన్న ప్రైవేటు నెట్‌వర్కుకూ దీనికీ సంబంధం లేదు. 1932లో రేడియోతో మొదలైన ఈ సంస్థ ప్రభుత్వ నిధులతో నడుస్తుంది, తన చానళ్లలో వాణిజ్య ప్రకటనలు వేయదు. అలాగని ప్రభుత్వ శాఖ కాదు. ఏ కార్యక్రమం తీయాలో, ఏ వార్త వేయాలో మంత్రి చెప్పడానికి వీల్లేకుండా 1983 నాటి చట్టం దానికి స్వతంత్రం ఇచ్చింది. ఆ స్వతంత్రానికీ పిల్లల నిధులకూ ఉన్న చిక్కుముడి దగ్గరే అసలు సమస్య ఉంది.

పిల్లల ప్రసారాలు ఏబీసీలో రెండు పాయలుగా సాగుతాయి. బడికి వెళ్లని చిన్నపిల్లలకు ఏబీసీ కిడ్స్. ఇది పూర్తి చానల్ కాదు, ఒక చానల్‌లో పగటి వేళల్ని వాళ్ల కోసం కేటాయించారు. 6 నుంచి 15 ఏళ్ల పిల్లల కోసం విడిగా పెట్టినదే ఏబీసీ3. బ్లూయీ అనే కుక్కపిల్ల కార్టూన్ వచ్చేది మొదటి దాంట్లో. పేరు మార్పులన్నీ జరిగింది రెండో దానికి.

2003లో మూతపడిన తొలి ప్రయత్నం

2009కి ముందే ఏబీసీ ఒకసారి ప్రయత్నించి విరమించుకుంది. ఆస్ట్రేలియాలో డిజిటల్ టీవీ 2001 జనవరిలో మొదలైంది. ఆ ఏడాదే చిన్నపిల్లలకు ఏబీసీ కిడ్స్ అన్న ఇదే పేరుతో ఒక పూర్తి డిజిటల్ చానల్‌నీ, యువతకు ఫ్లై టీవీనీ ప్రారంభించారు. డిజిటల్ పెట్టె ఉన్న ఇళ్లు అప్పటికి చాలా తక్కువ. చానళ్లు నడపడానికి విడిగా నిధులు రాలేదు, ఉన్న బడ్జెట్‌లోనే సర్దుకున్నారు. అదనపు నిధులు అడిగితే ప్రభుత్వం ఒప్పుకోకపోవడంతో 2003 జూన్‌లో రెండింటినీ ఆపేశారు.

అదే ఏడాది, పిల్లలకు వార్తల్ని విడమరిచి చెప్పే ‘బిహైండ్ ద న్యూస్’ కూడా కోతల్లో పోయింది. 1960ల చివరి నుంచి తరగతి గదుల్లో టీచర్లు వేసి చూపించే కార్యక్రమం అది. 2005లో తిరిగొచ్చింది. నిధులు బిగుసుకున్నప్పుడు పిల్లల కార్యక్రమాల మీద ఎంత తొందరగా చెయ్యి పడుతుందో ఈ రెండు ఘటనలు చూపిస్తాయి. పిల్లలకు ఓటు లేదు. ప్రకటనలు లేని సంస్థలో వాళ్ల వల్ల ఆదాయమూ రాదు.

నిధులతో పాటు చట్టం కూడా అడ్డుగా ఉండేది. డిజిటల్ అదనపు చానళ్లలో ఏబీసీ ఏ రకం కార్యక్రమాలు వేయవచ్చో మొదట్లో పరిమితులు పెట్టారు. ప్రైవేటు నెట్‌వర్కులకు పోటీ కాకూడదన్నది ఉద్దేశం. 2006లో ఆ పరిమితులు తొలగాయి.

2009లో దారి ఎలా దొరికింది

మూడు అవసరాలు ఒకేసారి కలిశాయి.

మొదటిది సాంకేతికం. అనలాగ్ ప్రసారాలు ఆపేసి దేశం మొత్తాన్ని డిజిటల్‌కు మార్చాలని ప్రభుత్వం నిర్ణయించింది. 2010 మధ్యలో విక్టోరియా రాష్ట్రంలోని మిల్డూరా ప్రాంతంతో ఆ మార్పు మొదలై 2013 డిసెంబరుకు పూర్తయింది. జనం సొంత డబ్బుతో కొత్త టీవీయో, డిజిటల్ పెట్టో కొనాలంటే పాత టీవీలో దొరకనిదేదో కనిపించాలి. ఇంట్లో పిల్లలు అడిగే చానల్ కంటే బలమైన కారణం ఏముంటుంది? ఏబీసీ3 డిజిటల్‌లో మాత్రమే వచ్చింది.

రెండోది సమానత్వం. డిస్నీ, నికెలోడియన్, కార్టూన్ నెట్‌వర్క్ అప్పటికే ఉన్నాయి, కానీ నెలనెలా చందా కట్టే ఇళ్లకే. అలాంటి ఇళ్లు దేశంలో దాదాపు మూడో వంతు. మిగిలిన ఇళ్లలోని పిల్లలకు బడి నుంచి వచ్చాక దొరికేది సాయంత్రం కొన్ని గంటలే.

మూడోది రాజకీయం. 1982లో ఏర్పడిన ఆస్ట్రేలియన్ చిల్డ్రన్స్ టెలివిజన్ ఫౌండేషన్ పిల్లల చానల్ కోసం పట్టుబడుతూ వచ్చింది. 2007 ఎన్నికల ముందు జాన్ హోవార్డ్ ప్రభుత్వం చానల్‌కు నిధులిస్తామని ప్రకటించి, ఎన్నికల్లో ఓడిపోయింది. తర్వాత వచ్చిన కెవిన్ రడ్ లేబర్ ప్రభుత్వం 2009 మే బడ్జెట్‌లో మూడేళ్లకు 6.7 కోట్ల ఆస్ట్రేలియన్ డాలర్లు కేటాయించింది. ఇరుపక్షాలూ సమ్మతించిన అరుదైన అంశాల్లో ఇదొకటి. ఏడు నెలలు తిరగకుండానే ఒక శుక్రవారం సాయంత్రం చానల్ ప్రసారాలు మొదలయ్యాయి.

గంటకు నాలుగు వేల డాలర్లు

6.7 కోట్లు పెద్ద మొత్తంగానే కనిపిస్తుంది. గంటల మీద పంచితే సంగతి తెలుస్తుంది. చానల్ రోజూ ఉదయం 6 నుంచి రాత్రి 9 వరకు, అంటే 15 గంటలు నడిచేలా మొదలైంది. ఏడాదికి 5,475 గంటలు. ఏడాదికి వచ్చే దాదాపు 2.2 కోట్ల డాలర్లను వీటికి సమానంగా పంచితే గంటకు సుమారు 4 వేల డాలర్లు. నటులతో, బయటి చిత్రీకరణతో తీసే పిల్లల నాటకానికి గంటకు అయ్యే ఖర్చు లక్షల డాలర్లలో ఉంటుంది.

ఈ వ్యత్యాసం ఎక్కడి నుంచి పుడుతుందో చానల్ తొలిరోజే ప్రసారమైన ‘మై ప్లేస్’ చూస్తే అర్థమవుతుంది. సిడ్నీలో ఒకే ఇల్లు, ఆ పక్కన ఒక పెద్ద మర్రిజాతి చెట్టు. 2008లో ఆ ఇంట్లో ఉండే ఆదివాసీ అమ్మాయితో కథ మొదలవుతుంది. తర్వాతి భాగం 1998, ఆ తర్వాత 1988. ఒక్కో భాగానికి పదేళ్లు వెనక్కి వెళుతూ, ప్రతిసారీ అదే చోట ఉన్న మరో పిల్లనో పిల్లాడినో చూపిస్తుంది. రెండు విడతల్లో కథ తెల్లవాళ్ల రాకకు ముందు కాలం దాకా చేరుతుంది. చూసే పిల్లలకు దేశ చరిత్ర ఒక ఇంటి చరిత్రలా అర్థమవుతుంది. తీసేవాళ్లకు మాత్రం ప్రతి అర్ధగంటకూ కొత్త దుస్తులు, కొత్త సామాను, కొత్త నటులు, కొత్త వీధి. ఒక భాగానికి వేసిన సెట్టు రెండో భాగానికి పనికిరాదు. సాధారణ సీరియల్‌లో ఒకే సెట్టు మీద నెలల తరబడి తీసి ఖర్చు తగ్గించుకునే వెసులుబాటు ఇలాంటి వాటికి ఉండదు.

మరి 5 వేల పైచిలుకు గంటలు ఎలా నిండుతాయి? మూడు దారులు. ఒకటి, స్టూడియోలో వ్యాఖ్యాతలతో తక్కువ ఖర్చుతో తీసే కార్యక్రమాలు. రెండు, బయటి దేశాల నుంచి కొన్నవి. వేరే దేశంలో ఖర్చు రాబట్టుకున్న కార్టూన్‌ను కొనడానికి దాని తయారీ ఖర్చులో చిన్న వంతు చాలు. మూడు, పునఃప్రసారాలు. పిల్లల టీవీకి ఇది లోపం కాదు, సహజ లక్షణం. ఇష్టమైన భాగాన్ని పిల్లలు పదిసార్లు చూస్తారు. పైగా కొన్నేళ్లకోసారి ప్రేక్షకులే మారిపోతారు. ఈ ఏడాది ఎనిమిదేళ్లున్న పాపకు ఐదేళ్ల క్రితం తీసినది కూడా కొత్తదే. అందుకే పిల్లల నాటకం మీద పెట్టిన డబ్బు పెద్దల నాటకం మీద పెట్టినదానికంటే ఎక్కువ కాలం పనిచేస్తుంది. ఖర్చు గురించి జరిగే చర్చల్లో ఈ లెక్కకు దక్కాల్సిన చోటు దక్కలేదు.

మిగిలిన లోటును పూడ్చింది విదేశీ భాగస్వామ్యాలు. సిడ్నీలో బ్యాలే నేర్చుకునే టీనేజర్ల కథ ‘డాన్స్ అకాడమీ’లో జర్మనీ ప్రసార సంస్థ జెడ్‌డీఎఫ్ భాగస్వామి. ఏబీసీ కొంత, విదేశీ చానల్ కొంత, సినిమా, టీవీ నిర్మాణాలకు సాయమందించే ప్రభుత్వ సంస్థ స్క్రీన్ ఆస్ట్రేలియా కొంత, పన్ను రాయితీ కొంత కలిస్తే తప్ప అక్కడ ఒక పిల్లల సిరీస్ పట్టాలెక్కదు. ఏబీసీ పెట్టే మొత్తం చిన్నదే అయినా, ‘ఒక చానల్ కొంటోంది’ అన్న హామీ ఉంటేనే మిగతావాళ్లు చెయ్యి కలుపుతారు. ఆ తొలి హామీ తగ్గితే వెనుకున్న మూడు వాటాలూ రావు.

లక్ష్యం వేరు, చట్టం వేరు

ఏబీసీ3 ప్రసారాల్లో సగం ఆస్ట్రేలియావే ఉండాలన్నది ప్రారంభంలో చెప్పుకున్న లక్ష్యం. అది సంస్థ తనకు తాను పెట్టుకున్నది. చట్టంలో లేదు.

మొదటి మూడేళ్ల డబ్బు పిల్లల చానల్ పేరు మీదే వచ్చింది. తర్వాత అది ఏబీసీ మొత్తం గ్రాంటులో కలిసిపోయింది. అక్కడి నుంచి వార్తలు, ప్రాంతీయ రేడియో, డ్రామా, ఆన్‌లైన్ సేవలు, పిల్లల కార్యక్రమాలు అన్నీ ఒకే మూటలోంచి పంచుకోవాలి. 2014 నవంబరులో టోనీ అబాట్ ప్రభుత్వం ఐదేళ్లలో 25.4 కోట్ల డాలర్ల కోత ప్రకటించింది. 2018 బడ్జెట్‌లో ధరల పెరుగుదలకు తగ్గట్టు గ్రాంటు పెంచే పద్ధతిని మూడేళ్లు ఆపేసింది తర్వాతి ప్రభుత్వం. సగం స్వదేశీ అన్న లక్ష్యాన్ని ఈలోగా ఏబీసీ తగ్గించుకుంది.

‘ఇంత డబ్బు పిల్లలకే ఖర్చుపెట్టాలి’ అని పార్లమెంటు ఎందుకు శాసించలేదన్న ప్రశ్నకు జవాబు స్వతంత్రంలో ఉంది. ఈరోజు పిల్లల కోసం షరతు పెట్టగలిగిన ప్రభుత్వం, రేపు వార్తా విభాగం మీదా షరతు పెట్టగలదు. ఈ భయం సహేతుకమైనదే. అయితే ఆ స్వతంత్రానికి మూల్యం చెల్లిస్తున్నది ఎవరన్నది కూడా చూడాలి. సంస్థ లోపల జరిగే పంపకంలో వార్తా విభాగానికి బలమైన గొంతు ఉంటుంది, డ్రామాకు పురస్కారాలుంటాయి. పిల్లల విభాగం తరఫున గట్టిగా అడిగేవాళ్లు బయటే ఎక్కువ. నిధుల పద్దును విడిగా ప్రకటించడం, ఏటా ఎన్ని గంటల కొత్త పిల్లల కార్యక్రమం తీశారో చెప్పడం వంటి మధ్యేమార్గాలు స్వతంత్రానికి అడ్డురావు.

2022 తర్వాత పరిస్థితి కొంత మెరుగైంది. ఆగిన పెంపును కొత్త లేబర్ ప్రభుత్వం పునరుద్ధరించింది. మూడేళ్లకోసారి ఇచ్చే నిధుల గడువును 2023 జులై నుంచి ఐదేళ్లకు పొడిగించింది. ఒక యానిమేషన్ సిరీస్ ఆలోచన నుంచి తెర దాకా రావడానికి రెండు మూడేళ్లు పడుతుంది కాబట్టి పిల్లల కార్యక్రమాలకు ఈ గడువు ముఖ్యం.

కోటా ఎత్తేశాక

ఏబీసీ3 ప్రారంభమైనప్పుడు పిల్లల భారం దాని ఒక్కదాని మీద లేదు. సెవెన్, నైన్, టెన్ అనే మూడు ప్రైవేటు నెట్‌వర్కులు ఏటా బడి పిల్లలకు 260 గంటలు, బడికి ముందు వయసు వాళ్లకు 130 గంటలు తప్పనిసరిగా ప్రసారం చేయాల్సి ఉండేది. ఈ పిల్లల ప్రసార ప్రమాణాల మూలాలు 1970ల చివరిలో ఉన్నాయి. చిన్నపిల్లల కార్యక్రమాల మధ్య ప్రకటనలు నిషేధం. పబ్లిక్ ఆస్తి అయిన వాయుతరంగాల్ని వాడుకుని లాభం గడిస్తున్నందుకు ఇది ప్రతిఫలం.

కోటా లోపాలు లేనిది కాదు. లెక్క పూర్తి చేయడానికి నెట్‌వర్కులు చౌక యానిమేషన్ వైపు మొగ్గాయి. విదేశాల్లో అమ్ముకోవడానికి వీలుగా ఆ కార్టూన్లలో ఊరూ యాసా లేకుండా చేశారు. ఆస్ట్రేలియాలో తయారైనా ఆస్ట్రేలియా కనిపించని కథలు వచ్చాయి. పిల్లలు చూడని వేళల్లో వాటిని వేసి చేతులు దులుపుకున్నారు. చూసేవాళ్లు తగ్గారు. ఆ తగ్గిన సంఖ్యనే చూపించి ‘పిల్లలిప్పుడు ఏబీసీలో, ఆన్‌లైన్‌లో చూస్తున్నారు, మాకెందుకు ఈ కోటా’ అన్నారు. ప్రభుత్వ డబ్బుతో పెట్టిన చానల్ ప్రైవేటు చానళ్లు తప్పుకోవడానికి ఇలా ఒక వాదనగా అక్కరకొచ్చింది.

కొవిడ్ వచ్చిన 2020లో కోటాను తాత్కాలికంగా ఆపారు. 2021 జనవరి 1 నుంచి పూర్తిగా తీసేశారు. దాని స్థానంలో పాయింట్ల పద్ధతి వచ్చింది. డ్రామా, డాక్యుమెంటరీ, పిల్లల కార్యక్రమం, ఏది తీసినా పాయింట్లు. ఏడాదికి 250 వస్తే చాలు. పిల్లలవి ఒక్కటీ లేకుండా ఆ సంఖ్య చేరుకోవచ్చు. ఫలితం ఊహించినట్టే ఉంది. 2019లో దాదాపు 600 గంటలున్న ప్రైవేటు చానళ్ల ఆస్ట్రేలియా పిల్లల ప్రసారాలు 2022 నాటికి 100 గంటల లోపుకు పడిపోయాయి. టెలివిజన్ ఫౌండేషన్‌కు రెండేళ్లకు 2 కోట్ల డాలర్ల అదనపు సాయం ఇచ్చారు గానీ, ఫౌండేషన్ సాయంతో తీసినదాన్ని కొని ప్రసారం చేసే చానల్ కావాలి కదా. కొనేవాడు ఏబీసీ ఒక్కడే మిగిలినప్పుడు ధర నిర్ణయించేదీ, ఏ రకం కథ కావాలో చెప్పేదీ ఆ ఒక్కడే. ‘వద్దు’ అన్న కథకు మరో గుమ్మం ఉండదు.

బ్లూయీ విజయం, వాటాల లెక్క

ఇంత కరువులో ప్రపంచాన్ని ఊపేసిన కార్టూన్ ఆస్ట్రేలియా నుంచే వచ్చింది కదా అన్న సందేహం న్యాయమైనది. బ్రిస్బేన్‌లోని లూడో స్టూడియో తీసిన బ్లూయీ 2018 అక్టోబరు 1న ఏబీసీ కిడ్స్‌లో మొదలైంది. వరండా ఉన్న క్వీన్స్‌లాండ్ చెక్క ఇల్లు, అక్కడి ఎండ, అక్కడి యాస ఉన్నవి ఉన్నట్టు పెట్టారు. ఊరు చెరిపేస్తేనే బయట అమ్ముడుపోతుందన్న పాత నమ్మకాన్ని అది తిప్పికొట్టింది. 2024లో అమెరికాలో ప్రేక్షకులు స్ట్రీమింగ్‌లో చూసిన నిమిషాల లెక్కన అన్ని కార్యక్రమాల కంటే ముందు నిలిచింది.

అయితే దీన్ని తీయడానికి ఏబీసీతో పాటు బ్రిటన్‌కు చెందిన బీబీసీ స్టూడియోస్ డబ్బు పెట్టింది. ప్రపంచవ్యాప్త పంపిణీ హక్కులు, బొమ్మలు, బట్టల వ్యాపార హక్కులు దాని చేతిలో ఉన్నాయి. 2019లో విదేశీ ప్రసార హక్కులు డిస్నీకి వెళ్లాయి. ఏబీసీకి సొంత దేశంలో ప్రసారం చేసే హక్కు, పేరు మిగిలాయి. కొద్దిపాటి వాటాతోనే సిరీస్ పట్టాలెక్కించే ఏర్పాటు చానల్‌ను నడిపింది, అదే ఏర్పాటు లాభాన్ని బయటికి పంపింది. ఎక్కువ పెట్టగలిగి ఉంటే ఎక్కువ హక్కులు ఉంచుకునేది, ఆ ఆదాయం తర్వాతి పది సిరీస్‌లకు మూలధనమయ్యేది.

మిగతా దేశాల్లో

బ్రిటన్‌లో బీబీసీ 2002 ఫిబ్రవరిలో పిల్లల కోసం సీబీబీసీ, సీబీబీస్ అనే రెండు చానళ్లు ప్రారంభించింది. కొన్నేళ్లకు పిల్లల కార్యక్రమాల మధ్య జంక్ ఫుడ్ ప్రకటనల్ని అక్కడ నిషేధించారు. ఆరోగ్య రీత్యా సరైన నిర్ణయమే. కానీ ఆ ఆదాయం పోగానే అక్కడి ప్రైవేటు చానల్ ఐటీవీ పిల్లల కార్యక్రమాలు తీయించడం బాగా తగ్గించేసింది. బీబీసీ దాదాపు ఒంటరి కొనుగోలుదారైంది. దారులు వేరైనా ఆస్ట్రేలియా చేరిందీ అక్కడికే. న్యూజిలాండ్ 2018లో చానల్ జోలికి పోకుండా హేహే పేరుతో నేరుగా ఆన్‌లైన్ వేదిక పెట్టింది.

భారత్‌లో దూరదర్శన్‌కు విడిగా పిల్లల వినోద చానల్ లేదు. తెలుగులో పిల్లల చానళ్లలో వచ్చేది చాలావరకు డబ్బింగ్ కార్టూన్లే. గంటకు తక్కువ ఖర్చు అన్న లెక్క ఇక్కడా అదే. పిల్లల సినిమాల కోసం 1955లో పెట్టిన చిల్డ్రన్స్ ఫిల్మ్ సొసైటీ చాలాకాలం హైదరాబాద్‌లో బాలల చిత్రోత్సవాలు జరిపింది. 2022లో దాన్ని జాతీయ చలనచిత్ర అభివృద్ధి సంస్థలో కలిపేశారు. విడి పద్దు పెద్ద పద్దులో కలిసిన మరో సందర్భం ఇది.

ఇప్పుడు మారుతున్నవి

2024 జూన్‌లో ఏబీసీ మీ పేరు ఏబీసీ ఫ్యామిలీగా మారింది. బడి ఈడు పిల్లలు చానల్ టైము ప్రకారం టీవీ ముందు కూర్చోవడం లేదు, ఏబీసీ సొంత స్ట్రీమింగ్ యాప్ ఐవ్యూలో కావలసినప్పుడు చూస్తున్నారు, చానల్‌లో మాత్రం ఇంటిల్లిపాదీ కలిసి చూసేవి ఉండాలి అన్నది దీని వెనుక ఆలోచన. పిల్లల అలవాట్లను బట్టి చూస్తే ఇందులో సబబుంది. ఒక నష్టమూ ఉంది. యాప్‌లో దేనికోసం వెతకాలో తెలిసిన పిల్లలకు అది దొరుకుతుంది. తెలియని కార్యక్రమం కంటపడాలంటే వేళ ప్రకారం నడిచే చానల్‌దే మెరుగైన దారి. ‘పిల్లలది’ అన్న పేరు పోయాక, ఆ చానల్‌లో ఎన్ని గంటలు పిల్లలకు దక్కుతున్నాయో లెక్కపెట్టడమూ కష్టమవుతుంది.

రెండు కొత్త చట్టాలు కూడా వచ్చాయి. 2025 డిసెంబరు 10 నుంచి 16 ఏళ్లలోపు పిల్లలకు సోషల్ మీడియా ఖాతాలు ఉండకూడదు. యూట్యూబ్ కూడా ఆ జాబితాలో ఉంది. ఖాతా లేకుండా వీడియోలు చూడటానికి మాత్రం అడ్డు లేదు. ఆ వయసు పిల్లల తీరిక సమయంలో కొంతైనా వేరే చోటికి మళ్లుతుంది. అక్కడ వాళ్ల వయసుకు తగ్గది ఏముందన్నది ప్రశ్న. 13 నుంచి 15 ఏళ్ల వాళ్ల కోసం తీసేది ఎప్పుడూ తక్కువే.

రెండోది, పది లక్షలకు మించి చందాదారులున్న స్ట్రీమింగ్ సంస్థలు ఆస్ట్రేలియాలో తాము పెట్టే ఖర్చులో 10 శాతం, లేదా ఆదాయంలో 7.5 శాతం స్థానిక కార్యక్రమాలకు వెచ్చించాలన్న నిబంధన. 2026 నుంచి ఇది వర్తిస్తుంది. డ్రామా, డాక్యుమెంటరీ, కళలు, విద్యా కార్యక్రమాలతో పాటు పిల్లలవీ లెక్కలోకి వస్తాయి. పిల్లలకు విడిగా ఇంత అని లేదు. 2021 పాయింట్ల పద్ధతిలో ఉన్న లొసుగే ఇది. బ్లూయీ తర్వాత పిల్లల కార్టూన్‌లో లాభముందని స్ట్రీమింగ్ సంస్థలకు తెలిసింది కాబట్టి యానిమేషన్‌కు కొంత డబ్బు రావచ్చు. నటులతో తీసే స్థానిక కథలకు వస్తుందని ఆశించడానికి ఈ నిబంధనలో ఆధారం కనిపించదు.

ఆస్ట్రేలియాలో ఇళ్లలో తెలుగు మాట్లాడేవాళ్లు 2021 జనాభా లెక్కల్లో 60 వేలకు దగ్గర్లో ఉన్నారు. మెల్‌బోర్న్, సిడ్నీ శివార్లలో పెరుగుతున్న ఈ పిల్లలకు అక్కడి టీవీ అంటే తాము పెరుగుతున్న దేశాన్ని అర్థం చేసుకునే ఒక దారి. తమలాంటి ఇళ్లు, తమలాంటి పేర్లు తెరమీద కనపడతాయా లేదా అన్నది స్థానికంగా ఎన్ని కొత్త కథలు తీస్తారన్న దాని మీదే ఆధారపడుతుంది. దిగుమతి కార్టూన్లు ఆ పని చేయలేవు. ఏబీసీ ఐదేళ్ల నిధుల గడువు 2028లో ముగుస్తుంది. పిల్లల కార్యక్రమాలకు విడి పద్దు వస్తుందా, స్ట్రీమింగ్ నిబంధనలో పిల్లల వాటా చేరుతుందా అన్న రెండు విషయాలు అప్పటికి తేలాల్సి ఉంది.